దేవతలకూ ఇంత కోపమా అని అడిగిన కవి

ఈ నెల మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ క్లాసులో ప్రాచీన ఇతిహాసాల మీద ప్రాజెక్ట్ చేస్తున్నారు. మీలో కొందరు చార్టులు కొనిచ్చి, జూనో ఎవరు, ఈనియస్ ఎవరు అని పిల్లలతో పాటు రాత్రి పది దాకా వెతికే ఉంటారు. అందుకే ఈసారి ఆ కథ రాసిన మనిషి గురించి చెబుదామనుకున్నాను. ఆయన పేరు వర్జిల్. రెండు వేల ఏళ్ల కిందట ఇటలీలో బతికిన లాటిన్ కవి. ఈనియడ్ అనే మహాకావ్యం ఆయనదే.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. డిగ్రీలో ఈనియడ్ నాకు పది మార్కుల ప్రశ్నగానే పరిచయం. రోమన్ ఎపిక్‌లో దేవతల పాత్రను వివరించమని అడుగుతారు. గైడులో ఐదు పాయింట్లు ఉండేవి. బట్టీ పట్టాను, మార్కులు వచ్చాయి, పుస్తకం మాత్రం తెరవలేదు. టీచర్‌నయ్యాక పిల్లలకు చెప్పాలి కదా అని ఇంగ్లిష్ అనువాదం కొని కూర్చుంటే, మొదటి పేజీలోనే గైడులో లేనిది కనిపించింది. కథ మొదలుపెడుతూనే ఈ కవి దేవతల గురించి ఒక సందేహం అడుగుతాడు. స్వర్గంలో ఉండేవాళ్ల మనసుల్లో ఇంత కోపం ఉంటుందా అని. అడిగి, జవాబు చెప్పకుండా కథలోకి వెళ్లిపోతాడు. ఆ సందేహం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆయన జీవితం చూడాలి.

వర్జిల్ క్రీ.పూ. 70, అక్టోబర్ 15న పుట్టాడు. ఉత్తర ఇటలీలో మాంటువా పట్టణం దగ్గర ఆండీస్ అనే చిన్న పల్లె. ఆయన చనిపోయిన నూరేళ్లకు పైగా గడిచాక సూటోనియస్ అనే రచయిత ఆయన జీవితాన్ని రాశాడు. మనకు తెలిసిన వివరాలు చాలావరకు అందులోంచి వచ్చినవే. తండ్రి కుమ్మరి అని కొందరు, ఒకరి దగ్గర జీతానికి కుదిరి ఆ యజమాని కూతురినే పెళ్లి చేసుకున్నవాడని ఇంకొందరు చెప్పుకునేవారట. అడవి భూమి కొని, తేనెటీగలు పెంచి నాలుగు డబ్బులు కూడబెట్టాడు. కొడుకును మాత్రం పొలానికి కట్టిపడేయలేదు. మొదట క్రెమోనా, తర్వాత మిలాన్, ఆ తర్వాత రోమ్. చదువు కోసం ఊరు దాటించి ఊరు పంపాడు.

అప్పట్లో రోమ్‌లో చదువుకున్న కుర్రాడంటే కోర్టులో వాదించాలి, రాజకీయాల్లోకి రావాలి. వర్జిల్ ఒకే ఒక్కసారి కోర్టులో మాట్లాడాడు. మాట నెమ్మది, చదువులేనివాడిలా తడబడేవాడట. మళ్లీ ఆ జోలికి పోలేదు. పొడవాటి మనిషి, నల్లని ఒళ్లు, పల్లెటూరి వాలకం. కడుపునొప్పి, గొంతునొప్పి, తలనొప్పి, ఏదో ఒకటి ఎప్పుడూ ఉండేది. పేరొచ్చాక రోమ్ వీధిలో ఎవరైనా గుర్తుపట్టి వేలు చూపిస్తే దగ్గర్లో ఏ ఇల్లు కనబడితే ఆ ఇంట్లోకి దూరిపోయేవాడు.

కోర్టులు వదిలి ఆయన నేపుల్స్ ప్రాంతానికి వెళ్లి సైరో అనే గురువు దగ్గర తత్వం చదువుకున్నాడు. సైరో ఎపిక్యూరస్ మార్గంలోని వాడు. ఆ మార్గం దేవతలు లేరని చెప్పదు. ఉన్నారు, కానీ ఎక్కడో దూరంగా ప్రశాంతంగా ఉన్నారు, వాళ్లకు మన మీద కోపమూ లేదు, పక్షపాతమూ లేదు, పిడుగు పడితే అది మేఘాల పని అంటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియం ఊళ్లో ఒక ఇంటి లైబ్రరీ బొగ్గయిపోయింది. ఆ బొగ్గుచుట్టల్ని మన కాలంలో పండితులు ఓపికగా విప్పి చదివితే, ఆ బృందంలోని ఒక తత్వవేత్త తన స్నేహితులను పేరు పెట్టి పలకరించిన చోట వర్జిల్ పేరు బయటపడింది. కోపం లేని దేవతల పాఠం ఆయన నిజంగానే విన్నాడన్నమాట.

ఆ పాఠం వింటున్న రోజుల్లోనే బయట దేశం తగలబడుతోంది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ను చంపారు. రెండేళ్లకు ఫిలిపై దగ్గర జరిగిన యుద్ధంలో ఆ హంతకులు ఓడిపోయారు. గెలిచినవాళ్లు తమ సైనికులకు పొలాలు ఇస్తామని మాటిచ్చి ఉన్నారు. పొలాలు ఎక్కడి నుంచి తేవాలి? ఇటలీ రైతుల దగ్గర లాక్కున్నారు. ఆ పని సీజర్ వారసుడు ఆక్టేవియన్‌కు అప్పగించారు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు. క్రెమోనా భూములు తీసుకున్నారు, చాలలేదు, పక్కనున్న మాంటువా భూముల మీద పడ్డారు. మాంటువా వాళ్లు చేసిన తప్పేమీ లేదు, క్రెమోనా పక్కన ఉండటం తప్ప. వర్జిల్ కుటుంబ పొలం కూడా పోయిందని, పెద్దవాళ్ల మాటసాయంతో తిరిగి దక్కిందని పాత జీవితచరిత్రలు చెబుతాయి.

ఆయన మొదటి పుస్తకం ఎక్లాగ్స్‌లో మొదటి కవితే ఈ గొడవ మీద. ఇద్దరు కాపరులు. ఒకడి పొలం పోయింది, మేకలను తోలుకుని ఊరు వదిలి వెళ్తున్నాడు. ఒక మేక దారిలో కవల పిల్లల్ని ఈనింది. వాటిని ఉత్త బండరాతి మీద వదిలేసి రావాల్సి వచ్చింది. రెండోవాడి పొలం దక్కింది, చెట్టు నీడన పడుకుని పిల్లనగ్రోవి ఊదుకుంటున్నాడు. ఎలా దక్కిందంటే, రోమ్‌లో ఒక యువకుడు దయ చూపాడని, తనకు అతనే దేవుడని, అతని పేరున నెలనెలా ధూపం వేస్తానని చెబుతాడు. వర్జిల్ పుస్తకంలో మనకు మొదట ఎదురయ్యే దేవుడు ఇతనే. ఆకాశం నుంచి దిగినవాడు కాదు, పొలం ఉంచగలిగిన, ఊడబెరకగలిగిన అధికారం ఉన్న మనిషి. అదే దేవుడి పరిపాలనలో మొదటి కాపరికి ఎందుకు పొలం లేకుండా పోయిందో కవి చెప్పడు. సాయంత్రం అవుతుంది, ఊళ్లో ఇళ్ల కప్పుల మీద పొగ లేస్తుంది, ఈ రాత్రికి నా దగ్గర పడుకో, జున్నూ పండ్లూ ఉన్నాయని రెండోవాడు పిలుస్తాడు. ఒక్క రాత్రికే ఆ పిలుపు.

ఈ పుస్తకంతో మైసీనస్ అనే ధనవంతుడి ఆదరణ దొరికింది. అతను ఆక్టేవియన్‌కు కుడిభుజం. తర్వాతి ఏడేళ్లు వర్జిల్ వ్యవసాయం మీద జార్జిక్స్ రాశాడు. నాలుగు భాగాలు: పొలం, చెట్లు, పశువులు, తేనెటీగలు. ఏనుగు దంతం ఇండియా నుంచి వస్తుందని, నల్లని ఎబొనీ కలప ఇండియాలోనే దొరుకుతుందని అందులో రాశాడు. పిల్లలకు ఈ ముక్క చెబితే క్లాసంతా సంబరపడింది. నాకు మాత్రం పశువుల భాగంలో వచ్చే రోగం వర్ణన మనసులో నిలిచిపోయింది. నాగలి కింద ఎద్దు కూలిపోతుంది, రైతు దిగులుగా జత ఎద్దును కాడి నుంచి విప్పుతాడు, పని సగంలో నాగలి చాలులోనే ఆగిపోతుంది. దేవుడికి బలి ఇద్దామని తెచ్చిన పశువు కూడా కత్తి పడకముందే బలిపీఠం దగ్గర చచ్చిపడుతుంది. మొక్కుకోవడానికి కూడా వీల్లేని రోజులవి.

రోజూ పొద్దున చాలా పద్యాలు చెప్పి రాయించేవాడట, సాయంత్రం దాకా వాటిని చెక్కి చెక్కి కొన్నే మిగుల్చుకునేవాడట. ఎలుగుబంటి తన పిల్లను నాకి నాకి ఆకారానికి తెస్తుందే, తనదీ అదే పద్ధతి అని చెప్పుకునేవాడని సూటోనియస్ రాశాడు. క్రీ.పూ. 29లో, యుద్ధాలన్నీ గెలిచి ఇటలీ తిరిగొచ్చిన ఆక్టేవియన్‌కు నాలుగు రోజుల పాటు జార్జిక్స్ చదివి వినిపించాడు. గొంతు అలసినప్పుడు మైసీనస్ అందుకునేవాడు. రెండేళ్లకు ఆ ఆక్టేవియన్‌కే ఆగస్టస్ అన్న బిరుదు వచ్చింది. అతను రోమ్ మొదటి చక్రవర్తి అయ్యాడు.

ఇక మిగిలిన పదకొండేళ్లూ ఈనియడ్‌కే. ముందు మొత్తం కథను వచనంలో రాసి పన్నెండు భాగాలు చేసుకున్నాడు. తర్వాత ఏ భాగం మనసుకు వస్తే ఆ భాగం పద్యం చేశాడు. ఎక్కడైనా ఆగిపోతే ఊపు చెడకుండా తాత్కాలికంగా ఒక చరణం పెట్టి ముందుకు పోయేవాడు. రాతి స్తంభాలు వచ్చేదాకా నిలబెట్టే కర్రలు అవి అనేవాడట. మన ఇళ్ల స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు పెట్టినట్టు.

ఎపిక్ అంటే దేవతలు ఉండాల్సిందే. గ్రీకు కవి హోమర్ వేసిన దారి అది. వర్జిల్‌కు ముందే లాటిన్‌లో ఎన్నియస్ అనే కవి కూడా అదే దారిలో రోమ్ చరిత్ర రాశాడు. వర్జిల్‌కు ఇంకో ఒత్తిడి కూడా ఉంది. ఆగస్టస్ వంశం వాళ్లు తమ మూలపురుషుడు ఈనియస్ అని, ఈనియస్ తల్లి సాక్షాత్తు వీనస్ దేవత అని చెప్పుకునేవారు. అంటే కథలోని దేవత చక్రవర్తి ఇంటి పెద్ద. కోపం లేని దేవతల గురించి చదువుకున్న కవి, కోపతాపాలున్న దేవతలతో, పైగా చక్రవర్తికి చుట్టాలైన దేవతలతో కావ్యం నడపాలి.

ఆయన ఏం చేశాడో చూడండి. ట్రాయ్ నగరం కాలిపోయాక, ఈనియస్ ముసలి తండ్రిని భుజాన ఎత్తుకుని, కొడుకును వేలు పట్టుకుని నడిపిస్తూ బయటపడతాడు. ఇటలీ చేరి కొత్త జాతికి పునాది వేయడం అతని విధి. పెద్ద దేవుడు జూపిటర్‌కు ఆ విధి తెలుసు. జూపిటర్ భార్య జూనోకూ తెలుసు. కానీ ఆమెకు ట్రాయ్ వాళ్లంటే పాత పగ. అందాల పోటీలో ట్రాయ్ రాకుమారుడు తనను కాదని వీనస్‌కు బహుమతి ఇచ్చాడు. పైగా తనకు ఇష్టమైన కార్తేజ్ నగరాన్ని ఈ జాతివాళ్లే ముందుముందు నాశనం చేస్తారని విన్నది. విధిని ఆపలేదు. ఆలస్యం చేయగలదు, అంతే. ఆ ఆలస్యంలో చచ్చిపోయేవాళ్లంతా మనుషులే.

కార్తేజ్ రాణి డైడో సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది. తన కొడుకుకు అక్కడ హాని జరగకూడదని వీనస్ ఆమె మనసులో ప్రేమ పుట్టిస్తుంది. ఈనియస్ ఇటలీ వెళ్లకూడదని జూనో వాళ్లిద్దరినీ కలుపుతుంది. బద్ధశత్రువులైన దేవతలిద్దరూ ఈ ఒక్క విషయంలో చేతులు కలుపుతారు. డైడోను అడిగినవాళ్లు లేరు. తర్వాత జూపిటర్ తన దూత మెర్క్యురీని పంపి ఈనియస్‌ను బయల్దేరమంటాడు. అతను ఏడుపు దిగమింగుకుని ఓడ ఎక్కుతాడు. ఆమె చితి పేర్పించుకుని అతని కత్తితోనే పొడుచుకుంటుంది. ప్రాణం తొందరగా పోదు. ఎందుకంటే ఆ చావు విధి రాసింది కాదు, ఆమె చేసిన పాపానికి వచ్చిందీ కాదు, రోజు రాకముందే వచ్చింది అంటాడు కవి. ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టేశాను. కార్తేజ్ అంటే రోమ్‌కు నూరేళ్లకు పైగా శత్రువు. ఆ శత్రువుల రాణి కోసం రోమ్ జాతీయకవి ఇంత దుఃఖపడ్డాడు. దేవతల లెక్కలో ఆమె ఎక్కడ తప్పు చేసిందో చూపించలేదు.

రెండో సగంలో యుద్ధం. జూనో పాతాళం నుంచి అలెక్టో అనే ఉగ్రశక్తిని రప్పిస్తుంది. ఆ శక్తి ఒక రాణి గుండెల్లోకి పామును, టర్నస్ అనే యువరాజు గుండెల్లోకి కాగడాను విసురుతుంది. వేటకుక్కలకు పిచ్చెక్కించి ఒక అమ్మాయి పెంచుకున్న లేడి మీదికి ఉసిగొల్పుతుంది. లేడికి బాణం తగులుతుంది, ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని వస్తుంది. మహాయుద్ధం అలా మొదలవుతుంది. ఇదంతా దేవత పెట్టిన మంటేనా, టర్నస్‌లో ముందే నిప్పు ఉందా? ఇదే అనుమానం తర్వాత నైసస్ అనే సైనికుడి నోట వస్తుంది. రాత్రి కాపలాలో ఉండి, సాహసం చేయాలని ఉబలాటపడుతూ, ఈ ఆరాటం దేవతలు పుట్టించారా లేక మనిషి తన కోరికకే దేవుడని పేరు పెట్టుకుంటాడా అని స్నేహితుడిని అడుగుతాడు. అతనికీ జవాబు రాదు. ఆ రాత్రే ఇద్దరూ చనిపోతారు.

చివరి భాగంలో జూనో కోపం చల్లారుతుంది. ఎలా చల్లారిందో తెలిస్తే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. జూపిటర్‌తో ఆమె బేరం ఆడుతుంది. ట్రాయ్ వాళ్లు గెలిస్తే గెలవనీ, కానీ ఇటలీ వాళ్ల పేరు మారకూడదు, వేషం మారకూడదు, భాష మారకూడదు. జూపిటర్ నవ్వి సరేనంటాడు. గెలిచి రాజ్యం తెచ్చుకున్నవాళ్లు తమ భాషను పోగొట్టుకున్నారు. ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని నేను. రోజుకు ఆరు పీరియడ్లు పిల్లలను ఇంగ్లిష్‌లో మాట్లాడమని చెప్పి, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి అమ్మతో తెలుగులో మాట్లాడుకుంటాను. ఈ బేరం ఉన్న పేజీని క్లాసులో గబగబా దాటించలేకపోయాను.

బేరం కుదిరాక దేవతలు కథలోంచి తప్పుకుంటారు. ఆఖరి పేజీలో ఇద్దరు మనుషులే మిగులుతారు. గాయపడిన టర్నస్ నేల మీద పడి ప్రాణం అడుగుతాడు. ఈనియస్ చెయ్యి ఆగుతుంది. అంతలో, తన చిన్నవయసు మిత్రుడు పల్లాస్‌ను చంపి టర్నస్ లాక్కున్న బెల్టు అతని భుజం మీద కనిపిస్తుంది. కోపం కట్టలు తెంచుకుని కత్తి దించేస్తాడు. కావ్యం అక్కడే అయిపోతుంది. దేవతలకు ఇంత కోపమా అని మొదలైన కథ మనిషి కోపంతో ఆగింది. ఇక్కడ ఏ దేవతా అతని చెయ్యి పట్టుకోలేదు, ఏ దేవతా ముందుకు తొయ్యలేదు.

కావ్యం ఇంకా రాస్తుండగానే ఆగస్టస్ చూడాలని తొందరపడేవాడు, స్పెయిన్ యుద్ధం నుంచి కూడా ఉత్తరాలు రాశాడు. చివరికి వర్జిల్ మూడు భాగాలు చదివి వినిపించాడు. ఆరో భాగంలో మార్సెలస్ ప్రస్తావన వస్తుంది. ఆగస్టస్ అక్క ఆక్టేవియా కొడుకు, వారసుడవుతాడనుకున్న కుర్రాడు, క్రీ.పూ. 23లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ చరణాలు వింటూ ఆ తల్లి స్పృహ తప్పిందని, చాలాసేపటికి గానీ తేరుకోలేదని చెబుతారు.

క్రీ.పూ. 19లో ఆయన గ్రీస్ వెళ్లాడు. ఇంకో మూడేళ్లు కావ్యాన్ని దిద్ది, ఆ తర్వాత జీవితమంతా తత్వం చదువుకుంటూ గడపాలని అనుకున్నాడట. మళ్లీ ఆ పాత పాఠాల దగ్గరికే. ఏథెన్స్‌లో ఆగస్టస్ కలిశాడు, తనతో ఇటలీ రమ్మన్నాడు. మెగరా ఊరు చూడటానికి వెళ్లినప్పుడు ఎండదెబ్బ తగిలింది. ఓడ ప్రయాణంలో జ్వరం ముదిరింది. బ్రుండిసియం రేవులో దిగిన కొద్ది రోజులకే, సెప్టెంబర్ 21న చనిపోయాడు. యాభై ఏళ్లు.

గ్రీస్ బయల్దేరే ముందే స్నేహితుడు వేరియస్‌ను ఒక మాట అడిగాడు. తనకేమైనా అయితే ఈనియడ్‌ను కాల్చేయమని. అతను ఒప్పుకోలేదు. మంచాన పడ్డాక రాతప్రతులున్న పెట్టె తెమ్మని, తానే కాల్చేస్తానని పదే పదే అడిగాడు. ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. పని పూర్తికాలేదన్న బాధ అంటారు చాలామంది. అది నిజమే అయ్యుండాలి, రోజంతా చెక్కి కొన్ని చరణాలే మిగుల్చుకునే మనిషి మరి. నాకు మాత్రం ఆ జవాబు రాని ప్రశ్న కూడా ఆయనను పీడించి ఉంటుందని అనిపిస్తుంది. ఇది నా ఊహే, పిల్లలు పరీక్షలో రాయనవసరం లేదు.

ఆగస్టస్ ఆజ్ఞతో వేరియస్, టక్కా అనే ఇద్దరు మిత్రులు కావ్యాన్ని బయటపెట్టారు. తప్పులు తీసేశారు గానీ సొంతంగా ఏమీ చేర్చలేదు. అందుకే ఇప్పటికీ ఈనియడ్‌లో యాభైకి పైగా చరణాలు సగంలో తెగి ఉంటాయి. సెంట్రింగ్ కర్రలు కొన్ని అలాగే ఉండిపోయాయి.

ఎనభై ఏళ్లు తిరిగేసరికి ల్యూకన్ అనే యువకవి అసలు దేవతలు నడపని ఎపిక్ రాశాడు. సీజర్ కాలపు అంతర్యుద్ధం దాని కథ, చేసిందంతా మనుషులే. నీరో చక్రవర్తి మీద కుట్రలో ఉన్నాడని క్రీ.శ. 65లో అతన్ని చచ్చిపొమ్మన్నారు. అప్పటికి ఇరవై ఐదేళ్లు. అతని తర్వాత సిలియస్ అనే మరో కవి కార్తేజ్ యుద్ధం మీద రాస్తూ జూనోనూ జూపిటర్‌నూ మళ్లీ వెనక్కి తెచ్చాడు. ఈ సిలియస్ డబ్బున్నవాడు. నేపుల్స్ దగ్గర వర్జిల్ సమాధి ఉన్న స్థలాన్ని కొనుక్కున్నాడు. తన పుట్టినరోజు కంటే వర్జిల్ పుట్టినరోజును ఎక్కువ భక్తితో జరుపుకునేవాడు. ఆ సమాధి దగ్గరికి గుడికి వెళ్లినట్టు వెళ్లేవాడట.